సలేశ్వరం గొడవకు మూలం 2007లో ఉంది

చైత్ర పౌర్ణమి దగ్గరపడితే చాలు, నల్లమలలో పాత గొడవే మళ్లీ మొదలవుతుంది. లోయలో శివుడు కొలువైన సలేశ్వరం జాతర ఎన్ని రోజులు జరగాలి? బండ్లను ఏ పెంట (చెంచుల గూడెం) దాకా పోనివ్వాలి? నీళ్ల సీసాలు లోపలికి తీసుకెళ్లొచ్చా? అటవీశాఖది ఒక మాట, భక్తులది ఇంకో మాట. లోయలో లింగమయ్యకు పూజ చేసే చెంచులను మాత్రం ఎవరూ అడగరు.

నిజాం కాలపు వేటలు, 1978 నాటి అభయారణ్యం, 1983లో వచ్చిన పులుల ప్రాజెక్టు చాలామందికి తెలిసినవే. ఇప్పటి తగవు అర్థం కావాలంటే 2007 చివరి వారాలను చూడాలి.

అంతకు ఏడాది ముందు, 2006 డిసెంబర్‌లో, పార్లమెంటు అటవీ హక్కుల చట్టం చేసింది. అడవిలో బతికేవాళ్లకు సాగు భూమి మీద, తేనె, జిగురు లాంటి ఫలసాయం మీద, తరతరాల ఆనవాయితీల మీద హక్కు ఉందని అది ఒప్పుకుంది. దాని నిబంధనలు వచ్చింది మాత్రం 2008 జనవరి 1న. ఆ తేదీకి ముందే, 2007 నవంబర్‌లో, జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ రాష్ట్రాలకు లేఖ రాసింది. పులుల కోసం జనసంచారం లేకుండా ఉంచాల్సిన కోర్ ఏరియాలను వెంటనే గుర్తించాలంది. ఇచ్చిన గడువు రెండు వారాలు కూడా లేదు. ఉమ్మడి రాష్ట్రంలో నాగార్జునసాగర్–శ్రీశైలం కోర్‌ను కూడా ఆ ఏడాది చివరిలోనే నోటిఫై చేశారు. ఆ కొద్ది రోజుల్లో అప్పాపూర్, రాంపూర్ లాంటి పెంటలన్నీ తిరిగి అడగడం అయ్యే పనేనా? హక్కులు తేల్చాలి, గ్రామసభ ఒప్పుకోవాలి, ఆ తర్వాతే ఎవరినైనా కదిలించాలి అని పులుల కోసం సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టంలోనే రాసి ఉంది. ఇక్కడ గీత ముందు గీశారు. హక్కుల దరఖాస్తులు తర్వాత తీసుకున్నారు.

ఇదే అమ్రాబాద్ గుట్టల మీద 1942లో నిజాం ప్రభుత్వం చెంచుల కోసం లక్ష ఎకరాలు కేటాయించింది. అప్పట్లో వాళ్ల మధ్య ఉండి అధ్యయనం చేసిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ సూచనతో జరిగిన పని అది. అంటే ఈ అడవి ఎవరిదన్న సంగతి సర్కారు కాగితాల్లో ముందే ఉంది.

రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వాటాకు అమ్రాబాద్ పులుల రిజర్వ్ వచ్చింది. 2,611 చదరపు కిలోమీటర్లలో 2,166 కోర్ ఏరియానే. సలేశ్వరం కూడా అందులోనే ఉంది కాబట్టి జాతరకు సంబంధించిన ప్రతి చిన్న నిర్ణయమూ పులుల లెక్కతో ముడిపడింది.

అటవీశాఖ భయాలు ఉత్తవి కావు. ఎండాకాలం, ఎండుటాకులు, ఒక్క బీడీ ముక్క చాలు. ప్లాస్టిక్ కవర్లు జింకల పొట్టల్లోకి పోతాయి. 2023 జాతరలో ఇరుకు దారిలో జనం కిక్కిరిసి భక్తుల ప్రాణాలే పోయాయి. జనాన్ని అదుపు చేయాల్సిందే.

అయితే 'వస్తున్నం లింగమయ్యో' అంటూ బయటి నుంచి వేలమంది దిగేది ఏడాదిలో కొన్ని రోజులే. మిగతా ఏడాదంతా ఆ లోయను చూసుకునేది శ్రీశైలం మల్లన్నను తమ అల్లుడిగా చెప్పుకునే చెంచులే. అగ్గి పడితే పచ్చి కొమ్మలతో కొట్టి ఆర్పేవాళ్లలో, పులి అడుగు చూసి ఎటు పోయిందో చెప్పేవాళ్లలో చాలామంది చెంచు వాచర్లే. బేస్ క్యాంపుల్లో రాత్రులు గడిపేదీ వాళ్లే. కోర్ వదిలి వెళ్తే కుటుంబానికి 15 లక్షల ప్యాకేజీ అంటూ ఇప్పుడు అడుగుతున్నదీ ఈ పెంటల వాళ్లనే.