రెండు కార్డులు, ఒకే ఓటు: సరిహద్దు బూత్‌లో అపోహలు - వాస్తవాలు

పర్లాకిమిడిలో ఆటో ఎక్కితే కాసేపట్లో పాతపట్నం. ఇది ఒడిశా, అది ఆంధ్రప్రదేశ్. పిల్లనివ్వడం, పిల్లను తెచ్చుకోవడం రెండు ఊళ్ల మధ్య ఎప్పటినుంచో ఉన్నదే. ఇక్కడ మేష్టారుగా పనిచేస్తూ కొన్నేళ్లు బీఎల్‌వోగా (ఓటర్ల జాబితా చూసే బూత్ స్థాయి అధికారి) ఇల్లిల్లూ తిరిగాను, తర్వాత పోలింగ్ బూత్‌ని నడిపే ప్రిసైడింగ్ ఆఫీసరు డ్యూటీలూ చేశాను. ప్రతిసారీ వినే మాటలు కొన్ని రాస్తున్నాను.

అపోహ: రాష్ట్రాలు వేరు కాబట్టి అటొక కార్డు, ఇటొక కార్డు ఉన్నా తప్పులేదు.

తప్పే. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఒక మనిషి పేరు ఒక్క నియోజకవర్గంలోనే ఉండాలి. మా వీధిలో ఒక కొత్త కోడలు ఫారం 6 నింపుకొచ్చింది. "నీ పేరు పాతపట్నంలో ఉంది కదమ్మా?" అన్నాను. "అది మా అమ్మోళ్లింట్లో కదా మేష్టారూ" అంది. ఫారం 6 తొలిసారి చేరేవాళ్లకి. ఇంకెక్కడా పేరు లేదని అందులో సంతకం పెట్టాలి. అబద్ధమని తేలితే 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు. ఆమెకి కావలసింది ఫారం 8. 2022 నుంచి నియోజకవర్గం మారినా అదే ఫారం, దాంతోనే పాత చోట పేరు తీసేస్తారు. రెండు చోట్లా పేరున్నవాళ్లలో నేను చూసినవాళ్లు ఎక్కువమంది దొంగ ఓటుకి కాదు, ఇలా తప్పు ఫారం పెట్టి ఇరుక్కున్నవాళ్లే.

పొద్దున అక్కడ, మధ్యాహ్నం ఇక్కడ వేద్దామన్నా కుదరదు. 2019 ఏప్రిల్ 11న, 2024 మే 13న రెండు వైపులా ఒకే రోజు పోలింగ్. ఎడమ చూపుడు వేలి మీద అప్పటికే సిరా ఉంటే ఓటు వేయనివ్వకూడదు. "కొఠియాలో రెండేసి ఓట్లున్నాయిగా" అంటారు. కోరాపుట్ జిల్లాలోని ఆ ఊళ్లు మావంటే మావని రెండు రాష్ట్రాలూ అంటున్నాయి. ఆ తగువుతో మనకి పోలిక లేదు.

అపోహ: జాబితాలో పేరు లేకపోయినా ఆధార్ చూపించి 'చాలెంజ్ ఓటు' అడగొచ్చు. టెండర్ ఓట్లు 14 శాతం దాటితే రీపోలింగ్.

ఈ వాట్సాప్ మెసేజ్ ప్రతి ఎన్నికకీ ఠంచనుగా వస్తుంది. రెండు ముక్కలూ తప్పే. చాలెంజ్ అంటే 'ఈ మనిషి ఆ మనిషి కాదు' అని అభ్యర్థి తరఫు పోలింగ్ ఏజెంటు రెండు రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పడం. టెండర్ ఓటు వేరు. ఒకసారి మధ్యాహ్నం ఒక ముసలావిడ వచ్చింది. జాబితాలో చూస్తే ఆవిడ పేరు మీద అప్పటికే ఎవరో ఓటేసి పోయారు. ఇంటిపేరు, ఇంట్లోవాళ్ల పేర్లు అడిగాను, అన్నీ సరిపోయాయి. ఈవీఎం దగ్గరికి పంపే వీల్లేదు. టెండర్ బ్యాలెట్ కాగితం, ముద్ర చేతికిచ్చాను. ఆవిడ ముద్ర వేశాక కవర్లో పెట్టాను. మామూలుగా ఆ కవరు లెక్కలోకి రాదు. ఎన్నిక మీద కేసు పడితే కోర్టు చూడొచ్చు. "నా ఓటు పడిందా బాబూ?" అని అడిగింది. ఏం చెప్పాలో తోచలేదు.

అపోహ: ఒకరికి నొక్కితే ఇంకొకరికి పడుతుంది.

ఏడింటికి పోలింగ్ అయితే మేం తెల్లారుజామున ఐదున్నరకే ఏజెంట్ల ముందు మాక్ పోల్ (ఉత్తుత్తి ఓటింగ్) మొదలుపెడతాం. కనీసం 50 ఓట్లు వేసి, లెక్క చూపించి, చెరిపేసి, వీవీప్యాట్‌లో (ఓటు ఎవరికి పడిందో చీటీ మీద చూపే యంత్రం) పడ్డ ఆ చీటీలు నల్ల కవర్లో పెట్టి సీలేస్తాం. ఆ వేళకి ఏజెంట్లు రావడమే గగనం, ఫిర్యాదులు మాత్రం సాయంత్రం వస్తాయి. వీవీప్యాట్ చీటీ ఏడు సెకన్లు కనిపిస్తుంది. వేరే గుర్తు కనిపించిందంటే రాతపూర్వకంగా ఇవ్వండి, ఏజెంట్ల ముందే టెస్ట్ ఓటు వేయిస్తాం. అబద్ధమని తేలితే శిక్ష ఉంటుందని చదివి వినిపించగానే చాలామంది "వద్దులెండి" అనేస్తారు.

ఎస్టీ రిజర్వుడు సీటులో ఎస్టీలే ఓటేయాలనేదీ తప్పు. రాయగడ, గుణుపురంలో నిలబడేది ఎస్టీలే, ఓటు అందరిదీ. నోటాకి ఎక్కువ పడినా అసెంబ్లీ ఎన్నిక రద్దవదు, మిగతావాళ్లలో ముందున్నవాడే గెలుస్తాడు.

ఇంకొకటి, మా తెలుగువాళ్ల బెంగ: "ఒడియా చదవడం రాదు, మెషీన్ మీద పేరెలా తెలుస్తుంది?" పేరు పక్కన ఫొటో ఉంటుంది, గుర్తు ఉంటుంది. క్యూలో నిలబడే ముందే బయట అతికించిన అభ్యర్థుల పట్టికలో మీ గుర్తు ఎన్నో వరసలో ఉందో చూసుకోండి.