‘కథలు’ ఒకచోట, ‘కధలు’ ఇంకోచోట: కాలిబర్ క్యాటగిరీలపై అపోహలు - వాస్తవాలు

మా గ్రంథాలయంలో ఈ-పుస్తకాల పని నేనే చూస్తాను. అన్నీ కాలిబర్‌లో ఉంటాయి. ఈ-పుస్తకాలను భద్రపరిచి, వెతుక్కోవడానికి కోవిద్ గోయల్ 2006లో మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. అందులో ఏయే క్యాటగిరీలు ఉన్నాయో, ఒక్కో పేరు కింద ఎన్ని పుస్తకాలున్నాయో జాబితా తీసి ఇచ్చే చిన్న కమాండ్ ఉంది: కాలిబర్‌డీబీ లిస్ట్_క్యాటగిరీస్ (calibredb list_categories). దాన్ని కొత్తవాళ్లకు చూపించినప్పుడల్లా ఈ మాటలే వింటున్నాను.

అపోహ: క్యాటగిరీ అంటే ట్యాగే (పుస్తకానికి మనం తగిలించే గుర్తు మాట), లేదంటే ఫోల్డరే.

రెండూ కాదు. రచయిత, సిరీస్, ప్రచురణకర్త, భాష, రేటింగ్ కూడా క్యాటగిరీలే. మనం సొంతంగా చేర్చుకున్న కాలమ్‌లూ వస్తాయి. ఇక ఫోల్డర్లంటారా, రచయిత పేరుతో ఒకటి, దాని లోపల పుస్తకం పేరుతో ఇంకొకటి కాలిబరే పెట్టుకుంటుంది. తెలుగు పేర్లు అక్కడ ఇంగ్లిష్ అక్షరాల్లో కనిపిస్తాయి. చూడలేక వాటిని చేత్తో సరిచేయకండి. పేరు మార్చారంటే పుస్తకం ఎక్కడుందో కాలిబర్‌కు తెలియకుండా పోతుంది.

అపోహ: పుస్తకాలు చేర్చేస్తే వర్గీకరణ సంగతి సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. మనం ఏం రాస్తే అదే లెక్కపెట్టి చూపిస్తుంది, అంతే. ఇంగ్లిష్ ట్యాగ్ పెద్దక్షరాల్లో రాసినా చిన్నక్షరాల్లో రాసినా ఒకటిగానే తీసుకుంటుంది. కానీ తెలుగులో ‘థ’ వేరు, ‘ధ’ వేరు. మొదటిసారి జాబితా తీసినప్పుడు మా దగ్గర ‘కథలు’, ‘కధలు’, ‘కథ’, ‘కథా సంపుటి’ నాలుగూ విడివిడిగా వచ్చాయి. ‘కథలు’ నొక్కిన పాఠకుడికి మిగతా మూడింటిలోని పుస్తకాలు ఉన్నట్టే తెలియదు.

అంతకంటే చిక్కైనది ఇంకోటుంది. ‘మోహన్’ అనే పేరు రెండు వరసల్లో వచ్చింది. ఎంత పరీక్షగా చూసినా తేడా లేదు. తీరా చూస్తే ఒకదాని చివర పొల్లు తర్వాత కంటికి కనిపించని అక్షరం ఉంది. తెలుగు టైపు చేసే కొన్ని పద్ధతుల్లో, వేరేచోట నుంచి కాపీ చేసినప్పుడు ఇది వచ్చి చేరుతుంది. మనిషి కంటికి ఒకే పేరు, కంప్యూటర్‌కు రెండు. జాబితాలో ఇద్దరూ పక్కపక్కనే కనబడితేనే దొరుకుతారు.

అందుకే సంఖ్య 1 ఉన్న పేర్లను ముందు చూడమంటాను. తప్పులు ఎక్కువగా అక్కడే ఉంటాయి. సరిచేయడం కష్టం కాదు. ట్యాగ్ బ్రౌజర్‌లో, అంటే కాలిబర్‌లో ఈ పేర్లన్నీ కనబడే పట్టీలో, తప్పు పేరును సరైన పేరుగా మారిస్తే రెండూ కలిసిపోతాయి.

అపోహ: తెలుగు రచయితల వరస ఎప్పుడూ తప్పే, ఏమీ చేయలేం.

చేయవచ్చు. కాలిబర్ మామూలుగా చివరి మాటను ఇంటిపేరు అనుకుని ముందుకు తెస్తుంది. అలా విశ్వనాథ సత్యనారాయణ ‘సత్యనారాయణ, విశ్వనాథ’ అయి ‘స’లోకి వెళ్లిపోతారు. మనవాళ్లు ఆయన్ని ‘వ’లోనే కదా వెతుకుతారు! ప్రిఫరెన్సెస్‌లో ట్వీక్స్ అనే చిన్న చిన్న సెట్టింగుల జాబితాకు వెళ్లి, రచయిత పేరు వరసకు సంబంధించిన ట్వీక్‌లో ఉన్న మాట తీసి ‘కాపీ’ (copy) పెట్టండి. పాత పేర్లు వాటంతటవి మారవు. మేనేజ్ ఆథర్స్‌లో మళ్లీ లెక్కగట్టించాలి.

అపోహ: కమాండ్లు కొట్టే ఆ నల్ల తెర మనకెందుకు, ఏదైనా కొడితే పుస్తకాలు పోతాయి.

ఈ టెన్షన్ అక్కర్లేదు. లిస్ట్_క్యాటగిరీస్ చదివి చూపిస్తుందే తప్ప దేన్నీ మార్చదు. కాలిబర్ తెరిచి ఉండగా కమాండ్ ఇస్తే, వేరే ప్రోగ్రామ్ నడుస్తోందంటూ ఆగిపోతుంది. చాలామంది అక్కడే భయపడి వదిలేస్తారు. కాలిబర్ మూసేసి మళ్లీ ఇవ్వండి చాలు.

జాబితా పొడవైతే సీఎస్‌వీగా, అంటే ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టిక ఫైలుగా తీసుకోండి. దాన్ని నేరుగా ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు పిచ్చి గీతల్లా కనబడవచ్చు. ఫైలు పాడైందని మళ్లీ మొదటికి రాకండి. డేటా ఇంపోర్ట్ ద్వారా తెరుస్తూ అక్షరాల పద్ధతిగా యూటీఎఫ్-8 ఎంచుకుంటే అక్షరాలు సరిగ్గా వస్తాయి. నేనైతే ప్రింటు తీసి, పక్కన పెన్నుతో టిక్కులు పెట్టుకుంటూ సరిచేస్తాను.