మాట రాకపోతే చెప్పడానికేమీ లేదనా?

స్పీచ్ థెరపిస్టుగా నేను ఎక్కువగా వినే ప్రశ్న ఒకటుంది: "ఆ మిషన్ కొంటే మా నాన్నగారు మాట్లాడేస్తారా అండీ?" వాళ్లడిగేది, మాట రానివారు అక్షరాలో బొమ్మలో ఎంచుకుంటే వారి బదులు పైకి పలికే పరికరం గురించి. మిషన్ సంగతి తర్వాత. ముందు దాని చుట్టూ అల్లుకున్న అపోహలు చూద్దాం.

అపోహ: పరికరం అలవాటైతే పిల్లలకు ఇక మాటలు రావు.

2006లో వెలువడిన ఒక సమీక్ష అంతకుముందు అధ్యయనాలను జల్లెడ పట్టింది. గట్టి ఆధారాలున్న 27 మందిలో ఒక్కరికీ ఉన్న మాట తగ్గలేదు, చాలామందికి ఎంతోకొంత పెరిగింది కూడా. "ముందు మాటలు రానివ్వండి, తర్వాత చూద్దాం" అనే సలహా విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. అప్పటిదాకా ఆ బిడ్డ నొప్పి ఎక్కడుందో ఎలా చెప్పాలి?

అపోహ: చేతులు కదలనివాళ్లకు ఏ పరికరమూ పనికిరాదు.

మా అసలు పని ఇక్కడే. తన ఇష్టప్రకారం కదిలేది ఒంట్లో ఒక్కటి దొరికినా చాలు: బొటనవేలు, మోకాలు, కనురెప్ప, ఏదైనా సరే. అక్కడ స్విచ్ పెడతాం. తెరమీద వరసలు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతుంటాయి. కావలసిన వరస రాగానే నొక్కితే, అందులోని అక్షరాలు వెలగడం మొదలవుతుంది. మళ్లీ నొక్కితే అక్షరం పడుతుంది. దీన్ని స్కానింగ్ అంటాం.

1985లో గొంతుకు ఆపరేషన్ జరిగి మాట పోయాక, భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ చేతిలోని స్విచ్‌తో ఇలాగే రాసేవారు. చేయి కూడా మొరాయించాక, కళ్లజోడుకు అమర్చిన సెన్సర్ ఆయన చెంప కదలికను పసిగట్టేది.

సెరిబ్రల్ పాల్సీలో, అంటే పసితనంలోనే మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు గాడితప్పే స్థితిలో, చిక్కు వేరు. కదలికలు ఉంటాయి, అదుపులో ఉండవు. అందుకే పొరపాటున తగిలిన నొక్కుడును లెక్కలోకి తీసుకోకుండా, కాసేపు నొక్కి ఉంచితేనే పనిచేసేలా స్విచ్‌ను సర్దుతాం. అంతకంటే ముందు కుర్చీలో కూర్చునే తీరు సరిచేయాలి. నడుము నిలవకపోతే ఎంత మంచి స్విచ్ అయినా దండగే.

అపోహ: కంటిచూపుతో నడిచే పరికరమే అన్నిటికన్నా మేలు.

అది పరారుణ కాంతిని కంటిమీద పడేసి, తిరిగొచ్చే మెరుపును బట్టి చూపు ఎటుందో లెక్కగడుతుంది. ఎండలో తడబడుతుంది, కళ్లూ అలసిపోతాయి. కాబట్టి పక్కన అక్షరాల చార్టు ఒకటి ఉండాల్సిందే, దానికి ఛార్జింగ్ అక్కర్లేదు. 1995లో పక్షవాతం వచ్చిన ఫ్రెంచి సంపాదకుడు జాన్ డొమినిక్ బోబీ, ఎదుటివారు అక్షరాలు వరసగా చదువుతుంటే, కావలసినది రాగానే ఎడమ కన్నార్పి పుస్తకమే రాయించాడు. ఆ వరస అక్షరమాల వరస కాదు, భాషలో ఎక్కువగా వచ్చేవి ముందుండే వరస. మీరు చార్టు రాసినా అ, ఆలతో మొదలుపెట్టకండి.

అపోహ: మాట రానివాళ్లకు అర్థం కూడా కాదు.

పలికే కండరాలు వేరు, అర్థం చేసుకోవడం వేరు. దయచేసి వాళ్లముందే వాళ్ల గురించి మాట్లాడుకోకండి.

అపోహ: ఆలస్యమవుతుంది కదా, వాక్యం మనమే పూర్తిచేస్తే సాయమవుతుంది.

మనం నిమిషానికి 150 మాటల దాకా మాట్లాడేస్తాం. స్విచ్‌తో రాసేవారికి రెండు మూడు పడటమే గగనం. ఊహించి అందించవచ్చు, కానీ ముందు అడగాలి. స్విచ్‌తో రాస్తున్న ఒక పెద్దాయన తెరమీద "నీ" అని పడగానే ఇంట్లోవాళ్లు నీళ్లు తెచ్చి నోటికందిస్తారు. ఆయన రాయబోయింది "నీకు జ్వరం తగ్గిందా?" అని.