ఎర్రజెండా పట్టుకున్న ఆవు: జంతు కథల్లో కమ్యూనిస్టు భావాలపై అపోహలు – వాస్తవాలు

పిల్లల పత్రికలకు జంతువుల కథలు రాయడం, వాటికి బొమ్మలు గీయడం ఇరవై ఏళ్లుగా నా వృత్తి. తిరుపతిలో మా ఇంటి మేడ మీద ఆదివారం ఉదయాల్లో బొమ్మల తరగతి కూడా నడుపుతున్నాను. వచ్చేవారిలో ఎక్కువ మంది ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలు. నవలల్లో, యానిమేషన్ సినిమాల్లో తమకు నచ్చిన జంతు పాత్రలను తమ పద్ధతిలో మళ్లీ గీసుకునే ఫ్యాన్ ఆర్ట్ అంటే వారికి ప్రాణం. ఈ మధ్య ఆ బొమ్మల్లోకి మార్క్స్ వచ్చాడు, విప్లవం వచ్చింది, సమ్మె చేసే గాడిదలు వచ్చాయి. ఇది నాకు నిజంగా సంతోషం కలిగిస్తున్న మార్పు. అయితే తరగతిలో పదే పదే వినిపించే కొన్ని పొరపాటు నమ్మకాలను సరిచేయవలసిన బాధ్యత కూడా నాపై ఉందనుకుంటున్నాను.

అపోహ: జంతువు చేతికి ఎర్రజెండా ఇస్తే అది కమ్యూనిస్టు బొమ్మ అవుతుంది.

వాస్తవం: మార్క్స్, ఎంగెల్స్ కమ్యూనిస్టు ప్రణాళికను 1848లో ప్రచురించారు. సుత్తీ కొడవలి గుర్తు 1918లో సోవియట్ రష్యా రాజ్యచిహ్నంలోకి వచ్చింది. అంటే భావం ఆ గుర్తు కన్నా డెబ్బయి ఏళ్లు పెద్దది. పని ఎవరు చేస్తున్నారు, పనిముట్లు ఎవరి సొంతం, పండినది ఎవరి ఇంటికి చేరుతోంది, ఆ పంపకమే న్యాయమని నమ్మించే మాటలు ఎవరివి అన్నవి ఆ భావం అడిగే ప్రశ్నలు. కనుమ నాడు చంద్రగిరి పక్కన రంగంపేటలో పశువుల పండగకు ఎద్దుల కొమ్ములకు కట్టే పలకల మీద దేవుళ్లూ, సినిమా హీరోలూ, రాజకీయ నాయకులూ ఉంటారు. ఆ పలకను చూసి ఎద్దు ఏ పార్టీదని ఎవరూ అడగరు. చేతికిచ్చిన జెండా కూడా అటువంటి పలకే.

పలమనేరు దగ్గరి పల్లె నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో ఉంటూ డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి, రెండు కాళ్ల మీద నిలబడి జెండా ఎత్తిన జెర్సీ ఆవును చాలా అందంగా గీసింది. “మీ ఊళ్లో పాలు ఎవరు కొలుస్తారమ్మా?” అని అడిగాను. “సెంటర్లో సార్. మెషిన్లో పోస్తే ఫ్యాట్ ఎంతొస్తే అంత రేటు. ఆ అంకె మా అమ్మకు కనిపించదు సార్, తెర వాళ్ల వైపుకుంటుంది” అంది. మరుసటి వారం తెచ్చిన బొమ్మలో జెండా లేదు. బల్లకు ఇవతల స్టీలు క్యానుతో ఆవు నిలబడి ఉంది, దాని వెనుక గుంజకు పలుపుతో కట్టేసిన దూడ మెడ సాచి క్యాను వైపు చూస్తోంది, బల్లకు అవతల కళ్లజోడు పెట్టుకున్న ఆవే మరొకటి తెరను తన వైపుకు తిప్పుకుని అంకె రాసుకుంటోంది. పాలు ఇచ్చేదీ ఆవే, కొలిచేదీ ఆవే కావడం దగ్గర ఆ అమ్మాయి చూపిన తెలివికి నేను పొంగిపోయాను. ఎందుకో కింద చెబుతాను.

అపోహ: యజమానిని తరిమేసిన జంతువుల మీద చివరకు పందులే పెత్తనం చేసే నవల ‘యానిమల్ ఫామ్’ సోషలిజానికి శత్రువైన రచయిత రాసిన పుస్తకం. కాబట్టి దాని ఫ్యాన్ ఆర్ట్ గీసేవారు పెట్టుబడి పక్షం వహించినట్టే.

వాస్తవం: ఆ పుస్తకం రాసిన, బీహార్‌లోని మోతీహారీలో 1903లో పుట్టిన జార్జ్ ఆర్వెల్ 1937లో స్పెయిన్ అంతర్యుద్ధంలో వామపక్ష సైనిక దళం తరఫున పోరాడుతూ గొంతులో తుపాకి గుండు తగిలి బతికి బయటపడ్డాడు. 1936 తర్వాత తాను గట్టిగా పట్టించుకుని రాసిన ప్రతి పంక్తీ నిరంకుశత్వానికి వ్యతిరేకంగానూ, ప్రజాస్వామ్య సోషలిజం పక్షానా రాసినదేనని 1946లో తానే చెప్పుకున్నాడు. ఆయన విమర్శ స్టాలిన్ కాలపు రష్యా మీద, విప్లవాన్ని దాని నాయకులే దొంగిలించిన తీరు మీద.

ఈ కథ ఎలా పుట్టిందో 1947లో ఉక్రేనియన్ అనువాదానికి రాసిన పీఠికలో ఉంది. పదేళ్ల పిల్లవాడొకడు ఇరుకు దారిలో పెద్ద బండి గుర్రాన్ని తోలుతూ, అది పక్కకు తిరగబోయినప్పుడల్లా కొరడాతో కొడుతున్నాడట. ఇటువంటి జంతువులకు తమ బలం తెలిసివస్తే మనకు వాటి మీద ఏ అధికారమూ మిగలదనీ, ధనికులు శ్రామికులను వాడుకున్నట్టే మనుషులు పశువులను వాడుకుంటున్నారనీ ఆయనకు తోచింది. అక్కడి నుంచి మార్క్స్ సిద్ధాంతాన్ని జంతువుల వైపు నుంచి పరిశీలించడం మొదలుపెట్టానని కూడా ఆయన రాశాడు. ఆ కొరడా దెబ్బ దగ్గర మొదలైన పుస్తకాన్ని కష్టజీవికి వ్యతిరేకమని ఎలా అనగలం?

ఇక పాల సంగతి. తిరుగుబాటు గెలిచిన మర్నాడే అయిదు బకెట్ల పాలు పితుకుతారు, సాయంత్రానికి అవి మాయమవుతాయి. పాలనూ ఆపిల్ పండ్లనూ పందులు తమకే అట్టిపెట్టుకున్న ఘట్టమే కథకు మలుపు అని ఆర్వెల్ 1946 డిసెంబరులో ఒక మిత్రుడికి ఉత్తరం రాశాడు. మా పిల్లలు గీసే బొమ్మల్లో నూటికి తొంభై పందులు మనుషులతో కలిసి కూర్చునే చివరి విందు దృశ్యమే ఉంటుంది, బకెట్లను ఎవరూ గీయరు. కథ ఏ క్షణాన చెడిందో చూపించాలంటే గీయవలసింది బకెట్లను.

ఒక జాగ్రత్త కూడా అవసరం. 1954 నాటి యానిమేషన్ సినిమాకు అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ రహస్యంగా డబ్బు సమకూర్చింది, దానిలో ముగింపును మార్చారు. పుస్తకం చివర పందులకూ మనుషులకూ తేడా తెలియక మిగిలిన జంతువులు కిటికీ బయట నిలబడిపోతాయి. సినిమాలో అవి మళ్లీ తిరగబడతాయి. సినిమా మాత్రమే చూసినవారు ఆ ముగింపును ఆర్వెల్ ఖాతాలో వేయకూడదు.

అపోహ: చీమలు, తేనెటీగలు సహజంగానే కమ్యూనిస్టులు.

వాస్తవం: ఈ పోలికకు మార్క్సే ఒప్పుకోడు. 1867లో వెలువడిన ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో, సాలెపురుగు పని నేతగాడి పనిని పోలి ఉంటుందనీ, తేనెపట్టు ముందు ఎందరో మేస్త్రీలు సిగ్గుపడాలనీ చెబుతూనే, ఎంత నాసిరకం మేస్త్రీ అయినా ఎంత గొప్ప తేనెటీగ కన్నా ఒక విషయంలో పైన ఉంటాడంటాడు: కట్టబోయేదాన్ని అతడు ముందుగా తన మనసులో కట్టుకుంటాడు. నేతగాడితో ఆ పోలికను తెలుగువారికి విడమరిచి చెప్పనక్కరలేదు. సాలె అంటేనే నేతగాడు, సాలెపురుగు అనే మాటలోనే ఆ పోలిక ఉంది.

శ్రీకాళహస్తిలో వెదురు కలంతో కలంకారీ వేసేవారు స్థలపురాణంలోని సాలెపురుగును గీసినప్పుడు నేను ఈ మాటే తలచుకుంటాను. శివుడికి దారాలతో గుడీ గోపురమూ అల్లిన ఆ పురుగు, దీపం మంటకు తన అల్లిక కాలిపోతే కోపం పట్టలేక ఆ మంటనే మింగబోయింది. ప్రకృతిలోని సాలెపురుగు చెదిరిన గూటి కోసం మంట మీదకు పోదు. తన పనిని తనదిగా ఎరిగి, అది నాశనమైతే తల్లడిల్లే ఆ జీవి మార్క్స్ చెప్పిన మేస్త్రీ పక్కన నిలబడుతుంది. కథలో జంతువు మాట్లాడడం మొదలుపెట్టిన క్షణం నుంచి అది మనిషే, అది చేసేది మనిషి శ్రమే.

చీమల్లో రాణి ఆజ్ఞలు ఇవ్వదు, గుడ్లు పెడుతుంది, అంతే. దానికి కిరీటం పెట్టి రాచరికమని గీసినా, అందరికీ ఒకే తిండి పెట్టి సమసమాజమని గీసినా, అది మన కోరికను చీమల మీద రుద్దడమే అవుతుంది. డార్విన్ జంతువులలో, మొక్కలలో తన ఇంగ్లండు సమాజాన్నే చూసుకున్నాడని మార్క్స్ 1862లో ఎంగెల్స్‌కు రాసిన ఉత్తరం ఈ పొరపాటుకు చక్కని హెచ్చరిక.

అపోహ: ఒక్కో జంతువుకు ఒక్కో వర్గాన్ని కేటాయిస్తే సిద్ధాంతం సులువుగా అర్థమవుతుంది. పులి పెట్టుబడిదారు, గొర్రె శ్రామికుడు.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెట్టే అపోహ ఇది. పులి జింకను తినేది దాని కడుపు అలా ఉంది కాబట్టి. దోపిడీదారును పులిగా గీస్తే, దోపిడీ పుట్టుకతో వచ్చిన గుణమని, దాన్ని ఎవరూ మార్చలేరని మనకు తెలియకుండానే చెప్పేసినట్టవుతుంది. మార్క్స్ చెప్పిన వర్గం రక్తంలో ఉండదు. ఉత్పత్తిలో ఎవరు ఎక్కడ నిలబడ్డారన్నదాన్ని బట్టి ఏర్పడుతుంది, ఆ ఏర్పాటు మారితే వర్గమూ మారుతుంది. పుట్టుకను బట్టి మనిషి స్థానాన్ని నిర్ణయించే కులాన్ని వేల ఏళ్లుగా మోస్తున్న మన సమాజంలో, వర్గాన్ని జంతుజాతిగా గీయడం అంటే దాన్ని మళ్లీ కులంగా మార్చడమే. పాలమ్మే ఆవునూ, కొలిచే ఆవునూ ఒకే రంగులో, ఒకే కొమ్ములతో గీసిన ఆ అమ్మాయి ఈ చిక్కును నేను చెప్పకుండానే దాటింది.

ఒక్కో జంతువుకు ఒక్కో నాయకుడిని అతికించడం కూడా ప్రమాదమే. మీసాల బొద్దింక పెద్ద పెద్ద జంతువులను గడగడలాడించే కథను రష్యా బాలసాహిత్య కవి కోర్నేయ్ చుకోవ్‌స్కీ 1920ల మొదట్లో, స్టాలిన్ చేతికి అధికారం రాకముందే రాశాడు. తర్వాతి కాలపు పాఠకులు ఆ మీసాల్లో స్టాలిన్‌ను చూశారు. బొమ్మకు అర్థాన్ని గీసినవారితో పాటు కాలం కూడా ఇస్తుంది.

అపోహ: కమ్యూనిస్టు రాజ్యం మాట్లాడే జంతువుల కథలను ఎప్పుడూ నెత్తిన పెట్టుకుంది.

వాస్తవం: లేదు. అదే చుకోవ్‌స్కీ మొసలి కథను లెనిన్ భార్య క్రుప్‌స్కాయా 1928లో సోవియట్ కమ్యూనిస్టు పార్టీ పత్రిక ప్రావ్దాలో తీవ్రంగా ఖండించారు.

అపోహ: పాత పుస్తకాల పాత్రలను గీస్తే కాపీరైట్ కేసు పడుతుంది.

వాస్తవం: మన చట్టం ప్రకారం రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్ల వరకు హక్కు ఉంటుంది. ఆర్వెల్ 1950 జనవరిలో మరణించాడు కాబట్టి 2011 నుంచి మన దేశంలో ఆయన రచన అందరిదీ. కొత్త సినిమాల్లోని పాత్రల రూపురేఖల సంగతి వేరు, వాటికి యజమానులు ఉన్నారు.

అపోహ: జంతు కథల్లో ఇటువంటి ఆలోచన మనకు పరాయిది.

వాస్తవం: జంతువుల ద్వారా రాజకీయం చెప్పడం మనకు చాలా పాత అలవాటు. అయితే పంచతంత్రం రాజకుమారులకు చెప్పిన రాజనీతి. సింహానికి మంత్రి ఎలా ఉండాలని అది అడుగుతుంది గానీ, సింహం రాజుగా ఎందుకుండాలని అడగదు. దాన్ని కమ్యూనిస్టు గ్రంథమని అంటే అబద్ధమవుతుంది. మరి దానిలో మనకు పనికివచ్చేది లేదా? ఉంది. మార్క్సిస్టు అయిన కొడవటిగంటి కుటుంబరావు దాదాపు మూడు దశాబ్దాలు ‘చందమామ’ను, దానిలోని రాజుల కథలతో, జంతువుల కథలతో సహా, ఎంతో శ్రద్ధగా తీర్చిదిద్దారు.

చిన్నయసూరి ‘నీతిచంద్రిక’లో, మిత్రలాభంలో పావురాల కథ చూడండి. వలలో పడ్డ పావురాలన్నీ ఒక్కసారిగా రెక్కలు విదిలిస్తే వల పైకి లేస్తుంది. ఎలుక హిరణ్యకుడు మిత్రుడైన చిత్రగ్రీవుడి కట్లు కొరకబోతే, ముందు తన వారి కట్లు కొరకమంటాడు ఆ పావురాల రాజు. జీవులు పోటీతో పాటు పరస్పర సహాయంతోనూ బతుకుతాయని సైబీరియాలో చూసి 1902లో పుస్తకంగా తెచ్చిన రాజ్యమే వద్దనే రష్యన్ అరాచకవాది క్రొపోట్కిన్ వినవలసిన కథ ఇది. రాజు రాజుగానే మిగిలిపోయాడన్నది కూడా నిజం, దాన్ని దాచకూడదు.

మా తరగతిలో ఇప్పుడు ఆ వలనే గీస్తున్నాం. కట్లు తెగే వరస బొమ్మలో తెలియాలి, చిత్రగ్రీవుడి కాలి ముడి ఆఖరున ఉండాలి. ఎలుక ముఖం రాజు వైపు ఉండాలా, వెనుక వరసలో ఇంకా చిక్కుకుని ఉన్న చిన్న పావురం వైపు ఉండాలా అన్నది పిల్లలు తేల్చుకోలేకపోతున్నారు. వచ్చే ఆదివారం రెండు విధాలుగానూ గీసి పక్కపక్కన పెట్టి చూస్తాం.