తిమింగలానికి కాళ్లుండేవా? అపోహలు - వాస్తవాలు

అపోహ: నేల జంతువే తిమింగలమైందనడానికి ఆధారాల్లేవు, అంతా ఊహే.

వాస్తవం: డార్విన్ నాటికి ఈ ఆక్షేపణలో న్యాయముంది. ఇప్పుడు లేదు. సుమారు 5 కోట్ల ఏళ్ల నాటి పాకిసెటస్ పాకిస్తాన్‌లో దొరికింది. తోడేలంత జంతువు, నాలుగు కాళ్ల మీద నడిచేది. 1981లో దానికి పేరు పెట్టినప్పుడు చేతిలో ఉన్నది పుర్రె భాగాలే. మరి తిమింగలాల కుటుంబమని ఎలా తెలిసింది? చెవిని బట్టి. మధ్యచెవిని కప్పే ఎముక లోపలి అంచు ఇప్పటి తిమింగలాల్లో, డాల్ఫిన్లలో బాగా మందంగా ఉంటుంది. దానికీ అంతే. చూడ్డానికి వచ్చినవాళ్లు కాళ్లు ఎక్కడని అడుగుతారు, శిలాజాలు పరిశోధించే మేం ముందు చెవి వెతుకుతాం.

ఇండోహ్యస్ అనే మరో ప్రాచీన జంతువు కథ ఇంకా బాగుంటుంది. జమ్మూలోని కాలాకోట్ దగ్గర భూవిజ్ఞాని ఎ. రంగారావు సేకరించిన శిలాజాల రాళ్లు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయాయి. ఆయన పోయాక అవి థెవిసన్ అనే శాస్త్రవేత్తకు చేరాయి. ల్యాబ్‌లో రాయి తొలుస్తుండగా పొరపాటున చెవి ఎముక విరిగింది. లోపల చూస్తే అదే మందపాటి అంచు! చిన్న జింకలాంటి, గిట్టలున్న జంతువులో తిమింగలం చెవి. 2007లో ఈ సంగతి ప్రచురితమైంది.

అపోహ: అయితే ఇండోహ్యస్ నుంచి పాకిసెటస్, దాన్నుంచి అంబులోసెటస్ అనే మరో కాళ్లున్న తిమింగలం... ఇలా వరసగా పుట్టాయన్నమాట.

వాస్తవం: కాదు. దొరికిన ఇండోహ్యస్ ఎముకలు పాకిసెటస్ కంటే కాస్త తర్వాతి కాలానివి. అది తాత కాదు, దాయాది. పుస్తకాల్లో బాణం గుర్తులతో వేసే ఆ బొమ్మే ఈ గందరగోళానికి కారణం.

అపోహ: తిమింగలం నీటిగుర్రం నుంచి వచ్చింది.

వాస్తవం: ఇప్పుడు బతికున్నవాటిలో దగ్గరి చుట్టం నీటిగుర్రమే, కానీ పూర్వీకురాలు కాదు. ఒకప్పుడు మా రంగంలో చాలామంది పళ్లు చూసి, గిట్టలున్న మాంసాహారులైన మెసోనిక్స్ జాతులే తిమింగలాల మూలమని నమ్మారు. డీఎన్ఏ నీటిగుర్రం వైపు చూపితే ఒప్పుకోలేదు. 2001లో చీలమండ ఎముకలు బయటపడ్డాయి. మేక, జింక, పంది, నీటిగుర్రం కాలి చీలమండలో పైనా కిందా బావి గిలకలాంటి నొక్కు ఉన్న ఎముక ఒకటి ఉంటుంది. ఇంకే జంతువుల గుంపులోనూ అలా ఉండదు. బలూచిస్తాన్‌లో దొరికిన ప్రాచీన తిమింగలాల కాళ్లలో సరిగ్గా అదే ఉంది. దాంతో వాదన దాదాపు ముగిసింది.

అపోహ: నీళ్లలోకి దిగగానే కాళ్లు మాయమయ్యాయి.

వాస్తవం: 15 మీటర్లు దాటి పెరిగే, పూర్తిగా సముద్రంలోనే బతికిన బాసిలోసారస్‌కు కూడా వెనక కాళ్లున్నాయి. మోకాలు, చీలమండ, వేళ్లతో సహా ఈజిప్టులో దొరికాయని 1990లో ప్రకటించారు. ఆ చిట్టి కాళ్లు ఒంటిని మోయలేవు. నేటి తిమింగలాల్లో కటి (తుంటి) ఎముకలు వెన్నెముకకు అతకకుండా కండరాల మధ్య ఉంటాయి. అవి పనికిరానివనీ అంటుంటారు. కానీ జననేంద్రియాల కండరాలు పట్టుకుని ఉండేది వాటినే.