టర్న్‌టేబుల్ కింద స్ప్రింగులా, బండరాయా?

బయటి అదురు సూదికి తగలకుండా రికార్డు ప్లేయర్ (టర్న్‌టేబుల్) దేని మీద పెట్టాలన్న ప్రశ్నకు ఇప్పటికీ నలుగురు నాలుగు జవాబులు చెబుతారు. ఒకరు స్ప్రింగులంటారు. ఒకరు గ్రానైట్ పలక అంటారు. గోడకు తేలికపాటి షెల్ఫ్ బిగిస్తే చాలని ఇంకొకరంటారు. అసలు సూదిని మోసే చెయ్యి, అంటే టోన్‌ఆర్మ్‌నే ప్లేయర్ నుంచి విడదీసి, పక్కన బరువైన లోహపు దిమ్మ మీద నిలబెట్టాలనేవాళ్లూ ఉన్నారు. ఈ వాదన స్టీరియో రికార్డుతో ముదిరింది.

కొలంబియా సంస్థ 1948లో తెచ్చిన ఎల్పీలో (ఎక్కువసేపు పాడే రికార్డులో) ధ్వని అంతా సూది నడిచే గాడి పక్కలకు కదిలే కదలికలోనే ఉండేది. పైకీ కిందికీ ఊగే ఊపుతో మోనో (ఒకే ఛానల్) కార్ట్రిడ్జ్‌కు, అంటే సూది కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగానికి, పెద్దగా పనిలేదు. 1957-58లో స్టీరియో రికార్డులు బజారుకొచ్చాక లెక్క మారిపోయింది. గాడికి ఉన్న రెండు గోడల మీదా చెరో ఛానల్, ఒక్కో గోడ 45 డిగ్రీల వాలు. ఈ పద్ధతిని బ్రిటన్‌లో ఆలన్ బ్లమ్లీన్ 1931లోనే పేటెంటుకు రాసిపెట్టాడు. ఇక అక్కడి నుంచి నిలువు కదలిక కూడా సంగీతమే. మోటారు గురగుర, నేల అదురు అదే దారిలో లోపలికొచ్చాయి.

ఎంత చిన్న కదలికల గురించి మాట్లాడుకుంటున్నామో ఒకసారి చూడాలి. 1,000 హెర్ట్జ్ స్వరం సెకనుకు 5 సెంటీమీటర్ల గరిష్ఠ వేగంతో చెక్కి ఉంటే, సూది ఇటు అటు జరిగేది దాదాపు 8 మైక్రాన్లు. దానికన్నా 60 డెసిబెల్స్ తక్కువగా వినబడే స్వరానికి అందులో వెయ్యో వంతు, అంటే 8 నానోమీటర్లు. పైగా 1954 నుంచి స్థిరపడిన ఆర్ఐఏఏ (అమెరికా రికార్డు కంపెనీల సంఘం) పద్ధతిలో రికార్డు మీద బాస్‌ని తగ్గించి చెక్కుతారు, వినేటప్పుడు ఆంప్లిఫయర్ దాన్ని తిరిగి పెంచుతుంది. 1,000 హెర్ట్జ్‌తో పోలిస్తే 20 హెర్ట్జ్ దగ్గర ఈ పెంపు సుమారు 9 రెట్లు. గదిలో ఎవరో నడిచిన అదురుకీ అదే మర్యాద దక్కుతుంది.

ఆ రోజుల్లో పేరున్న ప్లేయర్లలో చాలావరకు ఐడ్లర్ రకం. మోటారు తిప్పే రబ్బరు చక్రం రికార్డు పెట్టే పళ్లెం, అంటే ప్లాటర్ అంచుని నేరుగా తిప్పుతుంది కాబట్టి మోటారు వణుకు కూడా ప్లాటర్‌కు చేరుతుంది. బ్రిటన్‌లో తయారైన గ్యారార్డ్ 301 ఇందుకు పెద్ద ఉదాహరణ. బరువైన చెక్క పెట్టెలో బిగించడం, కింద రబ్బరు వేయడం అప్పటి వైద్యం.

అసలు మలుపు 1961లో అమెరికాలో వచ్చింది. అకూస్టిక్ రీసెర్చ్ సంస్థకు చెందిన ఎడ్గార్ విల్చర్ ఒక చవక ప్లేయర్ తయారుచేశాడు. ఇంగ్లిష్ T అక్షరం ఆకారపు లోహపు చట్రం మీద ప్లాటర్ తిరిగే ఇరుసు బేరింగ్‌నీ టోన్‌ఆర్మ్‌నీ కలిపి బిగించి, ఆ చట్రాన్ని మూడు స్ప్రింగుల మీద వేలాడదీశాడు. మోటారుని మాత్రం బయట పై పలకకే వదిలేసి, మధ్యలో ఒక్క బెల్టు ఉంచాడు. ఇందులో గొప్పదనం స్ప్రింగులది కాదని నా అభిప్రాయం. కార్ట్రిడ్జ్ కొలిచేది సూదికీ గాడికీ మధ్య తేడాని మాత్రమే. రెండూ కలిసి ఒకే ముద్దగా ఊగితే, ఎంత ఊగినా తేడా ఉండదు, శబ్దమూ రాదు. 1965లో థోరెన్స్ టీడీ 150, ఆ తర్వాత 1970ల మొదట్లో గ్లాస్గో నుంచి వచ్చిన లిన్ ఎల్పీ12 ఇదే దారిలో నడిచాయి.

అయితే స్ప్రింగుకి ఒక మెలిక ఉంది. బరువు పెట్టినప్పుడు అది 10 మిల్లీమీటర్లు కుంగితే సహజ పౌనఃపున్యం, అంటే తనంతట తాను ఊగే వేగం, 5 హెర్ట్జ్ (సెకనుకు 5 ఊపులు). 25 మిల్లీమీటర్లు కుంగితే సుమారు 3 హెర్ట్జ్. ఆ అంకెకు 1.4 రెట్లు దాటిన తర్వాతే అదురు తగ్గడం మొదలవుతుంది. సరిగ్గా ఆ అంకె దగ్గర మాత్రం అదురు తగ్గకపోగా పెరుగుతుంది. చెక్క నేల మీద అడుగు వేస్తే పుట్టే ఊపు కూడా ఆ ప్రాంతంలోనే ఉంటుంది. అందుకే స్ప్రింగు ప్లేయర్ ఉన్న ఇంట్లో పిల్లి నడకలు నడవాల్సి వచ్చేది, గోడ షెల్ఫులు అందుకే వచ్చాయి. గట్టి రబ్బరు కాళ్లయితే ఇంకో ప్రమాదం. టోన్‌ఆర్మ్, కార్ట్రిడ్జ్ కలిసి 8-12 హెర్ట్జ్ మధ్య సొంతంగా ఊగేలా అమర్చుకుంటారు. రబ్బరు అంకె కూడా అక్కడే పడిందంటే డబ్బు పెట్టి సమస్యని కొనుక్కున్నట్టే.

1970లో జపాన్ టెక్నిక్స్ ప్లేయర్ ఎస్పీ-10 డైరెక్ట్ డ్రైవ్‌తో, అంటే మోటారే నేరుగా ప్లాటర్‌ని తిప్పే పద్ధతితో, బెల్టుని తీసేసింది. 1979 నాటి ఎస్ఎల్-1200 ఎంకే2 బరువైన రబ్బరు అడుగుతో వచ్చింది. చేత్తో రికార్డుని ముందుకీ వెనక్కీ తోసే డీజేలకు ఊగే చట్రం ఎలాగూ పనికిరాదు. ఇంగ్లండ్‌కు చెందిన రేగా మరో పక్కకు వెళ్లి, తేలిగ్గా, బిగువుగా ఉండే పలకనే నమ్ముకుంది. 1980లలో స్టాండ్లకు మొనదేలిన స్పైక్‌లు బిగించడం ఫ్యాషనైంది గానీ అవి అదురుని ఆపవు, స్టాండ్‌ని నేలకు గట్టిగా అతికిస్తాయి, అంతే.

ఎస్పీ-10 చెక్క పెట్టె, ఆర్మ్ లేకుండా ఒట్టి మోటారు యూనిట్‌గా దొరికేది కాబట్టి కొన్నవాళ్లు తలోరకంగా బిగించుకున్నారు. ఆర్మ్‌ని వేరే దిమ్మ మీద పెట్టే అలవాటుకి ఇలాంటి యూనిట్లే వీలు కల్పించాయి. మోటారు వణుకు ఆర్మ్‌కి ఎక్కదన్నది వాళ్ల వాదన, అందులో కొంత నిజముంది. కానీ దిమ్మ ఒక ఊపు, ప్లాటర్ ఇంకో ఊపు ఊగితే ఆ తేడా అంతా సంగీతంలో కలుస్తుంది. విల్చర్ మూసిన తలుపుని మళ్లీ తెరిచినట్టే. దిమ్మ ఒక్క మిల్లీమీటరు జరిగినా సూది కోణం కూడా తప్పుతుంది. రెండింటినీ ఒకే బిగువైన పలక మీద నిలబెట్టి, మెత్తదనం ఏదైనా ఆ పలక కింద పెడితే నాకు అభ్యంతరం లేదు.

ఇప్పుడు మైక్రోస్కోపుల కోసం చేసిన, సహజ పౌనఃపున్యం అర హెర్ట్జే ఉండే టేబుళ్లు కూడా ప్లేయర్ల కిందికి చేరాయి. అంత ఖర్చు చేసేముందు ఒక పరీక్ష ఉంది. ప్లాటర్ ఆపి, రికార్డు మీద సూది దించి, వాల్యూమ్ మెల్లగా పెంచుతూ షెల్ఫుని వేలితో తట్టాలి. స్పీకర్లలో ఆ తట్టు ఎంత గట్టిగా వినిపిస్తే, కింద అంత పని మిగిలి ఉంది. స్పీకర్లు ఊళ వేయడం మొదలైతే మాత్రం వెంటనే వాల్యూమ్ తగ్గించండి, స్పీకర్లు పాడవుతాయి.