ఇటు గొల్టి, అటు అరవ యాస: చెన్నపట్నం తెలుగు వెనక కథ

చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగువాళ్లకు యాస గురించి రెండు వైపుల నుంచీ మాట పడటం అలవాటే. ఇక్కడ తమిళం మాట్లాడుతూ 'పఴం' (పండు) అనాల్సిన చోట నాలుక తిరగక 'పలం' అంటే చాలు, "గొల్టీ" అంటారు. తెలుగు అనే మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాసి వెనక నుంచి చదివితే వచ్చిన పేరని జనం చెప్పుకుంటారు. పోనీ మనవాళ్ల దగ్గరికి, విజయవాడకో గుంటూరుకో పెళ్లికి వెళ్లి "అన్న ఇంట్లోనే ఉండాడు" అంటే, "మీది అరవ తెలుగు కదూ" అని నవ్వుతారు. మా అమ్మ అలాంటి ఒక పెళ్లిలో భోజనాల దగ్గర ఆ మాట విన్నది. మిగిలిన రెండు రోజులూ ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. అడిగితే గొంతు నొప్పి అంది.

ముందు ఆ 'ఴ' సంగతి, అంటే నాలుకను వెనక్కి మడిచి పలికే ఆ అక్షరం సంగతి చూద్దాం. ఈ అక్షరం తెలుగుకు పరాయిది కాదు. రేనాటి చోళుల కాలం నాటి తెలుగు శాసనాల్లో అది ఉంది. నన్నయ కాలానికల్లా నోటి నుంచి జారిపోయింది. చాలా మాటల్లో 'డ' అయింది, కొన్నిట్లో 'ర' అయింది. తమిళంలో కోఴి, ఏఴు అంటారు, మనం కోడి, ఏడు అంటాం. మాట ఒకటే, నాలుక దిగిన చోటు వేరు. తమిళుల్లోనూ అందరి నోటా అది నిలవలేదు. ఉత్తర చెన్నైలో వాఴైప్పఴాన్ని (అరటిపండును) 'వాయప్పయం' అనేవాళ్లున్నారు, వాళ్లనూ వెక్కిరిస్తారు. మద్రాసు భాష అని తమిళ సినిమా రిక్షావాళ్లకూ రౌడీలకూ అంటగట్టిన ఆ మాటతీరులో మన 'నాయనా' 'నైనా'గా, మన 'డబ్బు' 'డప్పు'గా ఇప్పటికీ బతికే ఉన్నాయి. అంటే అక్కడ నవ్వులపాలైన దాంట్లో మన వాటా కూడా ఉంది.

ఈ ఊరికీ తెలుగుకూ సంబంధం మొదటి నుంచీ ఉన్నదే. 1639లో ఇంగ్లీషు కంపెనీకి ఈ నేలను ఇచ్చింది దామెర్ల వెంకటాద్రి నాయకుడు. ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదనే చెన్నపట్నం అయిందని చెబుతారు. కంపెనీకి మొదట్లో ద్విభాషులుగా, వర్తకులుగా కుదిరినవాళ్లలో తెలుగువాళ్లు ముందున్నారు. జార్జిటౌనులోని పెద్దనాయకన్‌పేట పేరు ఇప్పటికీ ఆ రోజులను గుర్తు చేస్తుంది. 1812లో ఇక్కడే, కంపెనీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పే సెయింట్ జార్జి కోట కళాశాల మొదలైంది. అక్కడి నుంచే 1816లో క్యాంబెల్ తెలుగు వ్యాకరణం వచ్చింది. తెలుగు, తమిళం, కన్నడం ఒకే కుటుంబానికి చెందినవని కంపెనీ అధికారి ఎల్లిస్ ఆ పుస్తకానికి రాసిన ముందుమాటలోనే చూపించాడు. రెండు వందల ఏళ్ల కిందటే అక్కచెల్లెళ్లని తేలిన భాషల మధ్య ఈ ఎగతాళి ఇంకా నడుస్తోంది.

అసలు 'తప్పు తెలుగు' అనే ముద్ర ఎక్కడ తయారైంది? నా లెక్కలో అది కూడా చాలావరకు ఈ ఊళ్లోనే. 1858లో బాలవ్యాకరణం వెలువడింది. దాన్ని రాసిన పరవస్తు చిన్నయసూరి మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితుడు. జనం నోటి మాటకు గ్రామ్యం అని పేరు పెట్టి బడి పుస్తకాల నుంచి దూరంగా ఉంచిన సంప్రదాయానికి ఆ పుస్తకమే పెద్ద దిక్కయింది. ఆ చిన్నయసూరి సొంతూరు చెంగల్పట్టు జిల్లాలోని పెరుంబూదూరు, అంటే నేటి శ్రీపెరుంబుదూరు. ఏది మంచి తెలుగో నూరేళ్లపాటు అందరికీ నేర్పిన పుస్తకం, ఇవాళ అరవ తెలుగు అనిపించుకుంటున్న నేల మీది మనిషి చేతి నుంచే వచ్చింది. ఈ ఒక్క సంగతి ఆ పెళ్లినాడు మా అమ్మకు తెలిసి ఉంటే బాగుండేదని నాకు చాలాసార్లు అనిపించింది.

తర్వాత పోరాటం కూడా ఇక్కడే జరిగింది. గ్రాంథికాన్ని కాపాడటానికి 1911లో మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు పుట్టింది. వాడుక భాష వైపు గిడుగు రామమూర్తి, గురజాడ నిలబడ్డారు. 1914లో గురజాడ వాడుక భాషను సమర్థిస్తూ మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం ఇచ్చారు. గ్రాంథికవాదులు అడిగిన ప్రశ్నల్లో ఒకటి ఇప్పటికీ గుచ్చుకుంటుంది. వాడుక భాష అంటున్నారు సరే, ఏ జిల్లా వాడుక? దానికి సూటిగా జవాబు రాలేదు. వాడుక భాష గెలిచింది, కానీ 'శిష్టుల' వాడుకగా గెలిచింది. ఆచరణలో అది కృష్ణా, గోదావరి జిల్లాల చదువుకున్న కుటుంబాల మాట అయింది. మద్రాసులో అచ్చయిన ఆంధ్రపత్రిక, 1938లో మొదలైన మద్రాసు రేడియో దాన్ని ఊరూరా చేర్చాయి.

ఆ మాటకు గొంతునిచ్చి ఇళ్లలోకి తెచ్చింది మాత్రం కోడంబాకం, వడపళని స్టూడియోలు. దశాబ్దాలపాటు తెలుగు సినిమా అక్కడే తయారైంది. హీరో, హీరోయిన్ కృష్ణా తీరం మాట మాట్లాడేవారు. తెలంగాణ, ఉత్తరాంధ్ర, రాయలసీమ యాసలు చాలాసార్లు నౌకరుకో, హాస్యగాడికో, రౌడీకో దక్కేవి. చిన్నప్పటి నుంచి అదే వింటే, ఫలానా యాస వినగానే నవ్వాలని చెవి నేర్చుకుంటుంది. చిరాకు శబ్దంలో లేదు, ఆ శబ్దాన్ని ఎవరి నోట్లో పెట్టి చూపించారన్న దాంట్లో ఉంది. నిజానికి 'చేశాడు' పుట్టింది 'చేసినాడు' కుదించుకుపోయి. పాత రూపాన్ని నిలుపుకున్నవాళ్లే మొరటువాళ్లుగా మిగిలారు.

1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు ఈ ఊళ్లోనే కన్నుమూశారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు రాలేదు. తర్వాత ఒక్కొక్కటిగా పత్రికలు, సినిమాలు వెళ్లిపోయాయి. జనం ఉండిపోయారు. 2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్లు సుమారు 42 లక్షలు. 2006లో బడుల్లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక్కో తరగతికి పాకి, 2015-16లో పదో తరగతిని చేరింది. పిల్లల పరీక్షల టెన్షన్ హైకోర్టు దాకా వెళ్లింది. ఉన్న ఊరి భాష నేర్చుకోవాలనడంలో నాకు అభ్యంతరం లేదు. దాని పక్కన తెలుగు అక్షరానికి చోటు తగ్గిపోవడమే బాధ. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. ఆ లిపి ఒక్కటే తెలిసిన పిల్లలు తెలుగు మాటను ఆ అక్షరాల్లో రాసుకుని చదివితే 'గ' 'క' అవుతుంది, 'బ' 'ప' అవుతుంది. 'చాప'లో 'చ'ను పళ్ల దగ్గర పలకాలని చెప్పేవాళ్లు లేక, 'చేప'లో లాగానే అంటారు.

ధనుర్మాసంలో ఇక్కడ జరిగే మార్గళి సంగీత కచేరీల్లో తెలుగు శ్రోతలు ముఖం చిట్లించేది కూడా ఇందుకే. త్యాగరాజ కీర్తనల పుస్తకాలను తమిళంలో అచ్చేసేవాళ్లు దీనికి ఒక ఉపాయం పట్టారు. అక్షరం పక్కన చిన్నగా 2, 3, 4 అంకెలు వేస్తారు. 2 అంటే ఖ, 3 అంటే గ, 4 అంటే ఘ. తమది కాని భాషను తప్పు లేకుండా పాడాలని తరాలుగా పడుతున్న ఆ శ్రమను చూస్తే నాకు గౌరవమే కలుగుతుంది. త్యాగరాజు పుట్టింది తిరువారూరులో, జీవించింది తిరువయ్యారులో. ఆయన తెలుగు కూడా ఈ దక్షిణపు తెలుగే. ఇంకో మాట. ణ, ళ తమిళంలో గట్టిగా నిలిచిన అక్షరాలు. అందుకే 'పెళ్లి'ని 'పెల్లి' అనే టీవీ యాంకర్ల కన్నా చెన్నై తెలుగు పిల్లలు ఆ మాటను శుభ్రంగా పలుకుతారు. ఆ మెచ్చుకోలు మాత్రం వాళ్లకు ఎప్పుడూ దక్కదు.

సైదాపేటలో మా పక్కింటి పాప సంగీతం నేర్చుకుంటోంది. తెలుగింటి పిల్లే, కీర్తనల నోటుబుక్కు మాత్రం తమిళ అక్షరాల్లో, అంకెలతో. వాళ్ల అవ్వ అప్పట్లో తెలుగు మీడియంలో చదువుకున్న మనిషి. సాయంత్రం పాప పాడుతుంటే పక్కన కూర్చుని, "గ కాదే, ఘ. ఒత్తి పలుకు" అంటుంది. పాప పాట ఆపి, పెన్సిలు పట్టుకుని అడుగుతుంది: "అంటే నాలుగా, అవ్వా?"